చేతులకి నూనె ఉంది

"గోళ్ళకి కూడా తలంటు పోస్తారా ఎక్కడైనా?" అంది మా అత్తగారు, కుర్చీలోంచి మెడ చాచి నా గిన్నెలోకి చూస్తూ.

నేను పంచదారలో కొబ్బరినూనె కలుపుతున్నాను. పంచదార కరిగిపోకూడదు, నూనె పైకి తేలకూడదు. చెంచాతో ఎత్తితే తడి ఇసుకలా ముద్దగా నిలబడాలి. ఆదివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాయి, గిన్నెలు తోమడమయింది, పొయ్యిగట్టు తుడవడమయింది. వెనక వరండాలో ఎండ పడే చోట స్టూలు వేసుకుని కూర్చున్నాను. పక్కన గోరువెచ్చని నీళ్ళు, పాత తువ్వాలు, కుచ్చు మెత్తబడిపోయిన టూత్‌బ్రష్, ఒక నెయిల్ ఫైలు. అంతే నా సరంజామా.

"పంచదార ఏం పాపం చేసిందమ్మాయ్, తీసుకెళ్ళి వేళ్ళకి రాస్తున్నావు?"

"గోళ్ళ చుట్టూ మొద్దుబారిన చర్మం పోతుంది అత్తయ్యా."

"పోతే? మళ్ళీ వస్తుంది. రేపు గిన్నెలు తోమవా ఏంటి?"

తోముతాను. అందుకే కదా రాస్తున్నది. కానీ ఆ మాట పైకి అనలేదు. మా ఇంట్లో నేను లోపల అనుకునే మాటలకి లెక్క లేదు. పైకి అనే మాటలు మాత్రం "వడ్డించనా", "ఇంకొంచెం వెయ్యనా", "బీరువాలో రెండో అరలో ఉంది" లాంటివే.

ఇదంతా ఒక బట్టల కొట్లో మొదలైంది. మా ఆడపడుచు తన కూతురికి గౌను కుట్టించడానికి పట్టుబట్ట కొనాలంటూ నన్ను వెంటబెట్టుకెళ్ళింది. "నీకైతే నాణ్యం తెలుస్తుంది వదినా" అంది. కొట్లో అమ్మాయి వెన్నలాంటి రంగులో ఒక తాను తెచ్చి బల్ల మీద పరిచింది. దాన్ని చూడగానే ఎవరికైనా చెయ్యి దానంతటదే వెళ్తుంది. నా చెయ్యీ వెళ్ళింది. అరచేతితో ఒక్కసారి నిమిరానో లేదో, బొటనవేలి గోరు పక్కన లేచిన చర్మానికి ఒక పోగు తగులుకుని సర్రున లాగేసింది. బట్ట మీద సన్నగా ఒక గీత పడింది.

"అయ్యో, మీరు ముట్టుకోకండమ్మా. నేను చూపిస్తాగా" అంది ఆ అమ్మాయి. కోపంగా అనలేదు. పసిపిల్లని పొయ్యి దగ్గర్నుంచి పక్కకి జరిపినట్టు, నా చేతిని మెల్లగా జరిపింది.

"అవి చేతులు కావమ్మా, గిన్నెలు తోమే పీచు" అని మా ఆడపడుచు పకపకా నవ్వింది. ఆ రాత్రి భోజనాల దగ్గర అదే కథ మళ్ళీ చెప్పింది. చెయ్యి వెళ్ళడం, పోగు లేవడం, ఆ అమ్మాయి కంగారు అన్నీ అభినయించి మరీ చెప్పింది. "పోనీలే, మనింట్లో వేరే పీచు కొనక్కర్లేదు" అన్నారు మా ఆయన. అందరూ నవ్వారు. వడ్డిస్తూ నేనూ నవ్వాను. నా మీద జోకు కదా, నేను నవ్వకపోతే బాగోదు.

వంటిల్లు సర్దుకున్నాక బాత్రూములో లైటు కింద నా చేతులు చూసుకున్నాను. నిజంగా చూసుకుని ఎన్నాళ్ళయిందో. గోళ్ళ చివర్లు పొరలు పొరలుగా చీలి ఉన్నాయి. పక్కల్లో చర్మం ఎండిన ఉల్లిపొరలా లేచి ఉంది. ఎడమ చేతి బొటనవేలి గోటి మొదట్లో నల్లటి మచ్చ. అది అలమార తలుపు పెట్టిన మచ్చ. వంటింట్లో డబ్బాలుండే అలమారకి పై కీలు ఊడిపోయి చాలాకాలమైంది. తీసినప్పుడల్లా తలుపు ఒక పక్కకి ఒరిగిపోతుంది, ఒక చేత్తో ఆపుతూ ఇంకో చేత్తో డబ్బా తీసుకోవాలి. బాగు చేయించమని అడిగి అడిగి అడగడం మానేశాను. ఆ వారమే అది వేలి మీద పడి గోరు నల్లబడితే మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండా, "చూసుకుని తియ్యాలి. తలుపుకి కళ్ళుంటాయా?" అన్నారు.

నేను కాలేజీలో జంతుశాస్త్రం చదివాను. ఆ విషయం మా ఆయన ఇంటికొచ్చిన వాళ్ళందరికీ గర్వంగా చెప్తారు. "మా ఆవిడ డిగ్రీ" అని చెప్పి, ఆ వెంటనే నా వైపు తిరిగి "మంచినీళ్ళు పట్రా" అంటారు. ఆ డిగ్రీలో గోరు బొమ్మ వేసి భాగాలు గుర్తించే ప్రశ్న ఒకటి ఉండేది. పైకి కనిపించే గోరులో ప్రాణం ఉండదు. ప్రాణమంతా మొదట్లో, చర్మం కింద ఉంటుంది. అక్కడ రోజూ కొత్త గోరు పుడుతూ పాతదాన్ని ముందుకి తోస్తూ ఉంటుంది. అంత బాగా వేసిన బొమ్మ నా వేలికే ఉందన్న సంగతి ఆ లైటు కింద నిలబడేదాకా నాకు గుర్తు రాలేదు.

ఆ వచ్చిన ఆదివారం మొదలుపెట్టాను. ముందు వేళ్ళు గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టడం. నానాక పంచదార ముద్దతో ఒక్కో వేలూ గుండ్రంగా, గట్టిగా నొక్కకుండా రుద్దడం. గోరు కింద మురికికి మెత్తటి బ్రష్షు. కడిగి, తువ్వాలు కొస వేలికి చుట్టుకుని గోటి మొదట్లో చర్మాన్ని వెనక్కి నెట్టడం. కత్తిరించకూడదు, అది గోటికి కాపలా. ఫైలుతో ఒకే వైపు రాయడం, రంపంలా ముందుకీ వెనక్కీ లాగితే గోరు మళ్ళీ చీలుతుంది. చివరికి నూనె పట్టించి అది ఇంకేదాకా కదలకుండా కూర్చోవడం.

కదలకుండా కూర్చోవడం! పద్ధతిలో అదొక భాగమని మొదట నేను పట్టించుకోలేదు. ఆ ఆదివారం లోపల్నుంచి మా అమ్మాయి అరిచింది. "అమ్మా, నా నీలం చున్నీ ఎక్కడుంది?" అలవాటుగా లేవబోయాను. చేతులు చూసుకున్నాను. "చేతులకి నూనె ఉందే" అన్నాను. కాసేపటికి బీరువా తెరిచిన చప్పుడు. ఇంకాసేపటికి, "దొరికిందిలే!"

దొరికిందిలే. ఆ మాట వినడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. అలిసిపోయానంటే మా ఇంట్లో వాదిస్తారు, "ఏం చేశావని?" అంటారు. తలనొప్పి అంటే మాత్ర వేసుకుని లెమ్మంటారు. చదువుకుంటున్నానంటే "తర్వాత చదువుకోవచ్చుగా" అంటారు. చేతులకి నూనె ఉందంటే మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు. నూనె చేత్తో చున్నీ పట్టుకుంటే మరక పడుతుంది, చొక్కా పట్టుకుంటే పడుతుంది, పేపరు పట్టుకుంటే పడుతుంది. నా ఒంట్లో ఓపిక లేదంటే నమ్మనివాళ్ళు నూనె మరకని నమ్ముతారు.

నూనెకి జవాబు లేకపోయినా సణుగుడికి కొదవ లేదు. "ఎవరికి చూపించడానికి ఈ సోకులు?" అన్నారు మా ఆయన. ఇంకోసారి, "పనిచేసే చేతులు పనిచేసే చేతుల్లాగే ఉండాలి, అందులోనే అందం" అని ఉపన్యాసం ఇచ్చారు. ఆ మాట అనేటప్పుడు ఆయన గోళ్ళు శుభ్రంగా, గులాబీ రంగులో మెరుస్తున్నాయి. చివరికి రాజీకొచ్చారు. "పోనీ, రాత్రి అందరూ పడుకున్నాక చేసుకో. ఎవరికీ ఇబ్బంది ఉండదు." ఎంత దయ! అందరూ తిన్నాక మిగిలింది తిన్నాను, అందరూ స్నానాలు చేశాక మిగిలిన వేణ్ణీళ్ళు పోసుకున్నాను. ఇప్పుడు రోజులో కూడా మిగిలిన ముక్కే నాది కావాలన్నమాట. "పట్టపగలే చేసుకుంటానండీ, ఎండ ఉండాలి" అన్నాను. ఎండ అక్కర్లేదు. నాకు కావలసింది పట్టపగలే.

ఇక ఆ ఆదివారం సంగతి.

చలికాలం. చలికి కొబ్బరినూనె పేరుకుపోతుంది. ఆ రోజు ముద్ద కాస్త ఎక్కువ కలిపాను. మిగిలింది ఒక చిన్న గిన్నెలోకి తీసి వంటింటి గట్టు మీద పెట్టొచ్చాను. పేరుకున్న నూనెతో అది తెల్లగా, కొంచెం చెమ్మగిల్లిన పంచదారలా ఉంది. వరండాలో కూర్చుని ఒక చెయ్యి రుద్దడం పూర్తిచేసి రెండోది మొదలుపెట్టానో లేదో వీధి తలుపు బెల్లు మోగింది. హాల్లో "రండి సార్, రండి మేడం" అంటూ మా ఆయన గొంతు, ఆఫీసులో వాడే గొంతు, వినిపించింది. నిమిషంలో ఆయన వరండాలో ఉన్నారు.

"లే, లే. మా పెద్దసారూ, వాళ్ళావిడా వచ్చారు. టీ పెట్టు."

"వస్తారని చెప్పలేదే?"

"పొద్దున ఫోన్ చేశారు. చెప్పడానికేముంది, నువ్వు ఇంట్లోనేగా ఉంటావు!"

నిజమే. నీళ్ళు కావాలని కుళాయికి ముందుగా కబురు పెడతామా?

"ఇంకా అయిపోలేదండీ. చేతులకి నూనె ఉంది."

"కడుక్కో!" పళ్ళ మధ్య నుంచి అన్నారు. "కడుక్కుంటే ఏమైపోతుంది?"

ఏమీ అయిపోదు. గోళ్ళు రాలిపోవు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అక్కడే ఉంది చిక్కు. నిజంగా లేవలేని పరిస్థితి అయితే ధైర్యం అక్కర్లేదు. లేవగలిగి ఉండి కూర్చోవడానికే కావాలి. ఇప్పుడు లేచానా, ఈ అరగంట ఎవరైనా బెల్లు కొడితే పోయే అరగంట అవుతుంది. వచ్చే ఆదివారానికి ఈ స్టూలు మళ్ళీ ఉల్లిపాయల బుట్ట పెట్టుకునే స్టూలు అయిపోతుంది.

"మీరు పెట్టండి టీ" అన్నాను.

"నేనా?"

"పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి."

ఆయన నన్ను చూశారు, వాళ్ళమ్మని చూశారు, హాలు వైపు చూశారు. మంత్రం వేస్తే లేస్తానేమోనన్నట్టు ఇంకొక్క క్షణం నిలబడి విసురుగా వంటింట్లోకి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత నేను కళ్ళతో పంచదార ముద్దని చూస్తున్నాను, చెవులతో వంటిల్లు చూస్తున్నాను. నా వంటింట్లో ఏ చప్పుడు ఎక్కడిదో నాకు తెలుసు. పాలగిన్నె వదిలేసి పెద్ద గిన్నె దించారు. మూత కింద పడింది. లైటరు ఒకసారి, రెండుసార్లు టిక్కుమంది, మూడోసారి పొయ్యి వెలిగింది. ప్రతి చప్పుడుకీ నా మోకాళ్ళు వాటంతటవే లేవబోతున్నాయి. నా మోకాళ్ళకి నాకంటే ముందు పెళ్ళయినట్టుంది.

అప్పుడు మా అత్తగారు కుర్చీ చేతులు పట్టుకుని మూలుగుతూ లేవబోయింది. "నువ్వు లేవకపోతే నేనే లేవాలి మరి. వాడు ఒక్కడూ ఏం చేస్తాడు!"

ఆ మోకాళ్ళ నొప్పితో ఆవిడ లేస్తే నేను కూర్చోలేను. ఇంట్లో ఎవరో ఒక ఆడమనిషి లేచి తీరాల్సిందేనని ఆవిడ ఒంట్లో కూడా రాసిపెట్టి ఉంది.

"అత్తయ్యా, మీరు కూర్చోండి. మీరు లేస్తే నేను లేవాల్సొస్తుంది. మనిద్దరం కూర్చుంటే ఆయనే చూసుకుంటారు."

ఆవిడ సగం లేచి ఆగింది. నా మొహంలోకి చూసింది. ఏం కనిపించిందో గానీ మెల్లగా మళ్ళీ కుర్చీలోకి జారింది. ఆవిడ కూర్చున్న చప్పుడు నాకు ఆ మధ్యాహ్నం విన్న అన్ని చప్పుళ్ళలోకీ గొప్పగా అనిపించింది.

వంటింట్లో అలమార తెరుచుకుంది. చెబుదామనుకునేలోపే ధడేల్‌మని చప్పుడు, "అబ్బా!" అని కేక.

"చూసుకుని తియ్యాలిరా!" అంది మా అత్తగారు కూర్చున్నచోటి నుంచే. "తలుపుకి కళ్ళుంటాయా?"

నేను తల వంచుకుని చిటికెన వేలు చాలా శ్రద్ధగా రుద్దుకున్నాను.

మళ్ళీ అలమార తెరిచిన చప్పుడు రాలేదు. కప్పులు పళ్ళెంలో పెట్టిన చప్పుడు, చెంచా తిప్పిన చప్పుడు వినిపించాయి. పంచదార డబ్బా ఉండేది ఆ అలమారలోనే. మరి తియ్యకుండా టీ ఎలా కలిపారా అనుకున్నాను, అంతే. ముందుకి ఆలోచించలేదు.

కాసేపటికి హాల్లోంచి పెద్దసారి గొంతు, చాలా మర్యాదగా: "టీ... కొత్తరకంగా ఉందే."

ఆయన భార్య గొంతులో అంత మర్యాద లేదు. "కొబ్బరినూనె వాసనొస్తోందేంటండీ? పైన కళ్ళు కళ్ళుగా తేలుతోంది కూడానూ!"

ఆవిడ అడుగుల చప్పుడు. వంటింట్లోకి, అక్కణ్ణుంచి వరండాలోకి. కళ్ళజోడు పెట్టుకున్న భారీ మనిషి, చేతిలో గట్టు మీది నా చిన్న గిన్నె. "మా టీలో పడింది ఇదేనా?"

నా పైప్రాణాలు పైనే పోయాయి. "అయ్యో మేడం, అది... అది గోళ్ళకి..."

ఆవిడ గిన్నె వాసన చూసింది. స్టూలునీ, నీళ్ళనీ, నా చేతుల్నీ చూసింది. సంగతి అర్థమై, ముందు ఆవిడ భుజాలు కదిలాయి, తర్వాత నవ్వు బయటికొచ్చింది.

"మీ ఆయనకి పంచదార ఎక్కడుంటుందో తెలీదా?"

"మా వాడికి ఆకలేస్తే నోరెక్కడుందో తెలుసమ్మా, అంతే" అంది మా అత్తగారు.

"మీ వాడే నయం పెద్దమ్మగారూ. మా ఆయనకి వంటిల్లు ఏ వైపుందో తెలీదు!"

ఇద్దరూ నవ్వుతున్నారు. సొంత కొడుకు మీద మా అత్తగారు నవ్వడం నేను అదే మొదటిసారి చూడటం.

మేడం మోకాళ్ళ మీద చేతులాన్చి నా చేతుల మీదికి వంగింది. కడిగిన చేతిని వేలితో ఒకసారి తాకి చూసింది. "మెత్తగా ఉందే! పార్లర్‌కి వెళ్తారా?"

"లేదండీ. ఇదే. ఇక్కడే."

ఆవిడ తన చేతులు చాపింది. పైకి ఎర్రటి రంగు మెరుస్తోంది. దగ్గరగా చూస్తే ఆ రంగు చుట్టూ నాకు బాగా తెలిసిన చర్మమే, ఎండి, లేచి, అక్కడక్కడ కొరికేసి. "పగలంతా ఆఫీసులో ఫైళ్ళు, ఇంటికెళ్ళాక సింకు" అంది. "పైన రంగేస్తే కింద ఎవరూ చూడరు. మా ఆఫీసులో నా కింద అంతమంది పనిచేస్తారు. ఇంట్లో నా కింద నేనొక్కదాన్నే."

నేను ఉల్లిపాయల బుట్ట దగ్గర బోర్లించి ఉన్న బకెట్టు చూపించాను. పెద్దసారి భార్య మా బకెట్టు మీద కూర్చుని చేతులు నీళ్ళలో పెట్టింది. నానాక నేనే రుద్దాను. మొదట మాట్లాడింది, తర్వాత మాట్లాడటం మానేసి కళ్ళు మూసుకుంది. ఒక మనిషి భుజాలు దిగడం నా కళ్ళతో చూశాను.

హాల్లోంచి పెద్దసారు పిలిచారు. "వెళ్దామా?"

ఆవిడ కళ్ళు తెరవలేదు. "ఇప్పుడు కుదరదండీ. చేతులకి నూనె ఉంది!"

పెద్దసారు మా ఆయన్ని అడగటం వినిపించింది. "ఎంతసేపు పడుతుందోయ్ అది?"

మా ఆయన గొంతు నీరసంగా, కానీ స్పష్టంగా వినిపించింది. "అరగంట సార్. మధ్యలో లేవకూడదు."

మా ఇంటి చట్టం ఆ విధంగా ఆయన నోటి మీదుగానే అమల్లోకొచ్చింది.

వాళ్ళు వెళ్ళాక, వాచిన బొటనవేలు చన్నీళ్ళలో పెట్టుకుని ఆయన నా మీద విరుచుకుపడ్డారు. "పరువు తీశావు! పంచదార ఎక్కడుందో ఒక్క మాట చెప్తే పోయేదిగా?"

"అడిగితే చెప్పేదాన్నండీ, కూర్చునే. మీరు లేవమన్నారు గానీ పంచదార ఎక్కడుందని అడగలేదు."

ఆయన వేలు మళ్ళీ నీళ్ళలో ముంచుకున్నారు. నేను అరవలేదు, ఏడవలేదు, అన్నం వండటం మానలేదు. రాత్రి పప్పుడబ్బా తియ్యడానికి అలమార తలుపు ఒక చేత్తో ఆపుతుంటే ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. మర్నాడే వడ్రంగి వచ్చాడు. నా గోరు నల్లబడితే రాని వడ్రంగి ఆయన గోరు నల్లబడగానే రావడం నేను గమనించకపోలేదు. అయినా కీలు కీలే. ఇప్పుడు ఆ తలుపు వేలితో తోస్తే చాలు, మెత్తగా మూసుకుంటుంది.

మా అత్తగారు మాత్రం మారలేదు. "నాకొద్దమ్మా ఈ సోకులు" అంటుంది. ఆదివారం మధ్యాహ్నం అయ్యేసరికి ఆవిడ తన కుర్చీని వరండా గుమ్మానికి అడ్డంగా లాక్కుని కూర్చుంటుంది. లోపల్నుంచి ఎవరు పిలిచినా నా దాకా రానివ్వదు. "దానికి చేతులు ఖాళీ లేవు. నువ్వే లేచి చూసుకో" అని ఆవిడే కేకేస్తుంది. మొన్నొకసారి, "ఏంటే, ఇవాళ అరగంటకే లేస్తున్నావు?" అని నన్నే గదమాయించింది.

ఇప్పుడు ఎండలు ముదిరాయి. కొబ్బరినూనె పేరుకోవడం లేదు, నీళ్ళలా పారుతోంది. బొటనవేలి మీది నల్లమచ్చ వారం వారం మొదట్నుంచి మధ్యకీ, మధ్య నుంచి చివరికీ నడుచుకుంటూ వచ్చింది. దాని వెనక గోరు తెల్లగా, గీత లేకుండా, నునుపుగా వచ్చింది. ఇవాళ మధ్యాహ్నం వేళ్ళు నానబెట్టి, రుద్ది, తుడుచుకుని, ఆ మచ్చలో మిగిలిన ఆఖరి నలుసుని కత్తిరించాను. టిక్‌మని ఎగిరి ఎండలో ఎక్కడో పడింది. లోపల మా ఆయన ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతూ టీ కలుపుకుంటున్నారు. అలమార తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది.

నేను రెండు చేతులూ ఎండలోకి చాపి చూసుకున్నాను. ఈ పది వేళ్ళ మీదా ఇప్పుడున్న ప్రతి గోరూ, నేను లేవడం మానేశాక పెరిగిందే.